తోట గుట్ట మీద నేస్తరికం

"తోట గేటు దిగేవోలు సర్దుకోండమ్మా" అని షేర్ ఆటో కుర్రాడు కేకేశాడు. ఎదురు సీట్లో కాలేజీ బ్యాగు ఒళ్లో పెట్టుకున్న పిల్ల ఫోన్లోంచి తలెత్తి బయటికి చూసింది. బయట తోటా లేదు, గేటూ లేదు. ఎర్రమట్టి చదును చేసి, తెల్లటి హద్దురాళ్లు పాతి, తాళ్లకి రంగు జెండాలు కట్టిన లేఅవుట్ ఉంది.

"ఇక్కడ తోట ఎక్కడుందండీ?" అని ఆ పిల్ల అడిగింది. నేను నోరు తెరిచేలోపే నా పక్కన కూర్చున్న మనిషి జవాబు చెప్పేసింది. "ఉండీదమ్మా. నేను అందులోనే పుట్టేను."

చూశారా, ఇదీ వరస. తోట సంగతి ఎవరడిగినా ముందు అదే చెప్పాలి. లోపల పుట్టింది కాబట్టి హక్కు దానిది. బయట పుట్టినదాన్ని కాబట్టి నేను పక్కన కూర్చుని "అవునమ్మా" అనాలి. ఇద్దరికీ జుట్టు నెరిసి, మోకాళ్లు అరిగి, పళ్లు కట్టించుకునే వయసొచ్చినా ఈ వరస మారలేదు.

ఆ పొద్దున్న అది మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఒంటిమీద పెట్టెలోంచి తీసిన చీర, చేతిలో అరిటాకు కప్పిన వెదురు బుట్ట. "మా నేస్తం వచ్చిందంట. తోట అమ్మకం కాయితాల మీద సంతకం ఎట్టడానికి. ఒక్కదాన్నీ ఎళ్లలేను, తోడు రావే" అంది. నేస్తం అన్న మాట వింటేనే నాకు మంట. అయినా చీర మార్చుకుని బయల్దేరాను, ఊరి చివరికైనా నడిచే మోకాళ్లు కావు కాబట్టి ఆటోలో. ఆవిడ ఇప్పుడెలా ఉందో నాకూ చూడాలని ఉంది. బాగా ముసలిదైపోయి ఉంటే బాగుండునని కూడా ఉంది.

నేస్తం అంటే వట్టి స్నేహితురాలు కాదు. మా ఊళ్లో నేస్తం కట్టాలంటే అమ్మవారి ఎదుట కట్టాలి. ఇద్దరూ ఒకరికొకరు బొట్టు పెట్టుకుని, పువ్వు మార్చుకుని, రవికగుడ్డ ఇచ్చిపుచ్చుకుని, ఒకరి చేత్తో ఒకరు తీపి తినాలి. అక్కణ్ణించి వాళ్ల ఇల్లు వీళ్ల ఇల్లే. పండగకి సారె వెళ్లాలి, కష్టానికి మనిషి వెళ్లాలి. అన్నిటికన్నా ముఖ్యం, చచ్చేదాకా ఒకరి పేరు ఒకరు పలకకూడదు. నేస్తం అనే పిలుచుకోవాలి. ఒక మనిషికి ఒక్క నేస్తమే.

మా అమ్మకి రావికమతంలో నేస్తం ఉండేది. ఏడాదికి రెండుసార్లు బుట్టలో చేగోడీలు, నువ్వుండలు పెట్టుకుని బస్సు దిగేది. ఆవిడొస్తే మా అమ్మ వేరే మనిషైపోయేది. మాకు ఎప్పుడూ కనపడని జీడిపప్పు ఎక్కణ్ణించో బయటికొచ్చేది. ఇద్దరూ పెరట్లో పొయ్యి దగ్గర చేరి, ఏదో గుసగుసలాడుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. ఎవరైనా "మీ నేస్తం పేరేటమ్మా" అని అడిగితే అమ్మ నావైపు తిరిగి "నువ్వు సెప్పే" అనేది. నేను చెప్పేదాన్ని. ఒక మనిషి పేరుని బతుకంతా పెదవి దాటనివ్వకుండా దాచుకోవడం నాకు చాలా గొప్పగా తోచేది. నన్ను కూడా ఎవరైనా అలా దాచుకోవాలని ఉండేది.

ఇక తోట సంగతి. ఊరి చివర రోడ్డు పక్కన దివాణం తోట. మా నాన్న తల్లిని మేం మామ్మ అనేవాళ్లం. తోట పుట్టుపూర్వోత్తరాలన్నీ నాకు మామ్మ నోట్లోంచి వచ్చినవే. పూర్వం పెద్ద దొరగారు, అంటే మా చుట్టుపక్కల భూములన్నిటికీ జమీందారు, ఎక్కడో కొండల మీద తెల్లదొరల తోటలు చూసి వచ్చాడట. వచ్చీ రాగానే తన తాత వేసిన మామిడితోట కొట్టించేశాడట. ఆ చోట చెరువు తవ్వించి, ఆ తవ్విన మన్నూ, ఊరి చెరువు మన్నూ కలిపి పక్కనే గుట్ట పోయించి, గుట్ట మీద నాలుగు స్తంభాల మండపం కట్టించాడు. గుట్ట చుట్టూ పాములా మెలికలు తిరిగే బాట, చెరువు మీద చెక్కవంతెన, మధ్యలో గడ్డి పరిచిన మైదానం. గేటు నుంచి బంగళా దాకా రెండు వరసల్లో సిమెంటు స్తంభాల్లాంటి పామ్ చెట్లు. కంచెని కత్తెరతో కత్తిరించి ఏనుగు, నెమలి చేశారు.

మామ్మకి ఆ తోటంటే ఒళ్లు మంట. "మన ఊరి సెరువు మన్నే అదంతా. మీ తాత ఏసంకాలమంతా బళ్లు కట్టి ఒండ్రు తోలేడు. మన పొలాలకి ఎయ్యాల్సిన ఒండ్రు పట్టుకెళ్లి పూలకి ఏసేరు" అనేది. చింతపండు గింజలు తీస్తూ ఒక్కో గింజకీ ఒక్కో తిట్టు తిట్టేది. "తినడానికో కాయ లేదు, కూరకో ఆకు లేదు. గడ్డి పెంచుతారు, పశువుని మెయ్యనివ్వరు. అదేం తోటే? ఎదురుగా మాడుగుల కొండలు అంతంతేసి ఉండగా మన్ను పోసి కొండ కట్టించేడు మారాజు. ఉన్న కొండలు సాలలేదు."

నా చిన్నప్పటికి జమీందారీలు పోయాయి. పెద్ద దొరగారూ పోయాడు. పదిమంది తోటమాలులు ఉండేచోట ఒక్కడు మిగిలాడు. ఫౌంటెన్లో నీళ్లకి బదులు కప్పలు ఉండేవి. ఏనుగు తొండం అడ్డదిడ్డంగా పెరిగి, దూరం నుంచి చూస్తే చీపురు పట్టుకున్న ఏనుగులా ఉండేది. అయినా సాయంకాలం గాలి తిరిగితే ఆ గోడ మీదుగా సంపెంగ, మనోరంజితం, తడిసిన గడ్డి, అన్నీ కలిసిన ఒక వాసన ఊళ్లోకి వచ్చేది. మా వీధి వాసన నాకు తెలుసు. పేడ, బెల్లం పెనం మీద మాడిన చెరకుపాలు, ఉడుకుతున్న ఉలవలు. ఆ వాసన వచ్చినప్పుడు మా వీధంటే నాకు చిన్నతనంగా ఉండేది.

ఆ మిగిలిన ఒక్క తోటమాలి కూతురే ఇది. తల్లి లేదు. తోటలోనే రెండు గదుల పెంకుటింట్లో తండ్రీ కూతురూ ఉండేవాళ్లు. వాళ్లకి గుంటెడు పొలం లేదు. మాకు చెరకు తోటలు, గొడ్లు, గాదెలో ధాన్యం ఉండేవి. అది పొద్దున్నే చెంబు పట్టుకుని మజ్జిగకి వచ్చేది, మా అమ్మ కూర్చోబెట్టి దానికి తల దువ్వి, చోడి అంబలి పోసి పంపేది. అన్నీ మాకే ఉన్నాయి. అయినా దాన్ని చూసి నేను కళ్లలో నిప్పులు పోసుకునేదాన్ని. ఎందుకంటే మజ్జిగ తాగి అది తిరిగి వెళ్లేది ఆ తోటలోకి.

ఊరివాళ్లకి గేటు లోపలికి అడుగు పెట్టే వీల్లేదు. నాకు వెనకవైపు కంచెలో ఒక కంత ఉండేది. అది అటు నుంచి కొమ్మ ఎత్తి పట్టుకుంటే నేను పాక్కుంటూ దూరేదాన్ని. అయినా నూతి గట్టు దాటనిచ్చేది కాదు. "అటు ఎళ్లకూడదు, నాన్న తిడతాడు" అనేది. గుట్టని ఆకుల సందుల్లోంచి చూసి రావడమే. మన్నుతో పోసిన గుట్ట, మహా ఉంటే తాటిచెట్టంత ఎత్తు. మాడుగుల కొండలకేసి నేను ఏనాడూ అంత ఆశగా చూడలేదు.

మాకు పదేళ్లొచ్చిన వేసవిలో ఇద్దరం అమ్మోరి పండగకి నేస్తం కట్టుకుందామని అనుకున్నాం. మాట ముందు అన్నది అదే. నూతి గట్టు మీద ముంజకాయలు తింటూ, చేతులు కారుతుండగా, "నువ్వూ నేనూ నేస్తం కట్టుకుందామేటే" అంది. "అప్పుడు నిన్ను మా నాన్న ఏటీ అనడు. నేస్తానివైతే గుట్ట మీదకి రావచ్చు." నాకు ఆ రోజు కాళ్లు నేలమీద ఆనలేదు. అమ్మని పీడించి వడ్డాది సంతకి వెళ్లి రవికగుడ్డ కొనిపించాను. ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు. దాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకునేదాన్ని. దాని పేరుని మనసులో చాలాసార్లు అనుకునేదాన్ని, తర్వాత పలకడానికి ఉండదు కదా అని.

పండగ ఇంకో వారం ఉందనగా బంగళాకి కారు వచ్చింది. పెద్ద దొరగారి మనవరాలు, మా ఈడు పిల్ల, పట్నం నుంచి సెలవులకి దిగింది. మోకాళ్ల దాకా గౌను, రెండు జడలకీ శాటిన్ రిబ్బన్లు. ఆ మర్నాటి నుంచి మజ్జిగకి తోటమాలే వచ్చాడు. "గుంట రాలేదేటి?" అని అమ్మ అడిగితే "పాపగారు ఆడుకోడానికి పిలిచేరమ్మా" అన్నాడు. నేను కంత దగ్గరకి వెళ్లి కూర్చున్నాను. లోపలి నుంచి నవ్వులు వినపడ్డాయి. గుట్ట మీంచి. కొమ్మ ఎత్తేవాళ్లు లేరు.

"కుళ్లుమోతు గుంటా, పండగనాడు అదే వస్తాది" అంది అమ్మ. నేను నమ్మాను.

పండగ రోజు తలంటు పోయించుకుని, గుడ్డ, పసుపు, కుంకుమ, బెల్లం ముక్క పళ్లెంలో పెట్టుకుని గుడి దగ్గర నిలబడ్డాను. డప్పులు మొదలయ్యాయి. ఘటాలు బయల్దేరాయి. అమ్మవారి ఊరేగింపు వీధులన్నీ తిరిగి, తోట గోడ పక్కనుంచి వెళ్లి, మళ్లీ గుడికి వచ్చింది. అది మాత్రం రాలేదు. పళ్లెంలో బెల్లానికి చీమలు పట్టాయి.

జరిగింది ఇదని తర్వాత తెలిసింది. పొద్దున్న అది నా దగ్గరకి బయల్దేరుతుంటే ఆ పట్నం పిల్ల ఎక్కడికని అడిగింది. ఇది నేస్తం కట్టుకోవడమంటే ఏమిటో చెప్పింది. ఆ పిల్లకి అది సరదాగా తోచింది. "మనం కూడా ఆడదాం రా" అని గుట్ట మీదకి లాక్కుపోయింది. జడలోంచి రిబ్బన్ తీసి ఇచ్చింది. దీని తల్లో సంపెంగ తీసుకుని తను పెట్టుకుంది. బొట్టుకి కుంకుమ లేకపోతే మందారం నలిపి పెట్టింది. చాక్లెట్ విరిచి దీని నోట్లో పెట్టి, దీని చేత్తో తనూ తింది. సరిగ్గా ఆ క్షణాన గోడ అవతల డప్పులు మోగాయి. ఘటాలు తలలపైన ఊగుతూ గుట్ట మీదకి కనపడ్డాయి.

పట్నం పిల్లకి అది ఆట. మాకు కాదు. అమ్మోరు చూస్తుండగా పువ్వు మారింది, తీపి తిన్నారు. సాయంత్రం తోటమాలి మా అరుగు మీద తలపట్టుకుని కూర్చున్నాడు. "అమ్మోరు తల్లి దాటుతుండగా కట్టేసుకున్నారమ్మా. ఇంకేటి సేస్తాం?" అన్నాడు. మా నాన్న "పిల్లల ఆటకి ఇంత ఆలోచనేటి" అన్నాడు గానీ మామ్మ ఒప్పుకోలేదు. "ఆటైతే అమ్మోరికి తెల్దా? కట్టిన ముడి కట్టిందే" అంది. మామ్మ జీవితంలో తోటవాళ్ల పక్షాన మాట్లాడింది అదొక్కసారే. అదీ నా నెత్తిమీదే.

ఆ ఆకుపచ్చ గుడ్డని అమ్మ కొన్నాళ్లు దాచింది. ఆవకాయ పెట్టినప్పుడు జాడీ మూతికి దాన్నే వాసెన కట్టేసింది. ఏడాది పొడుగునా అన్నంలోకి ఆవకాయ తీసినప్పుడల్లా దాన్ని చూసేదాన్ని.

పండగైన మర్నాడు అది వచ్చింది. జడకి ఎర్ర రిబ్బన్. అది అరుగు కింద నిలబడి చాలాసేపు కాలి బొటనవేలితో మట్టి గీకింది. ఇంతలో గోడ అవతల్నించి ఆ పట్నం పిల్ల దాన్ని పిలిచింది. పేరు పెట్టి, గట్టిగా, పనిమనిషిని పిలిచినట్టు. నాకు ఎక్కడలేని బలం వచ్చింది.

"ఇన్నావా? నిన్ను పేరెట్టి పిలుస్తంది. అది నేస్తమేటే?" అన్నాను.

"మా నేస్తానికి తెల్దు. నాకు తెలుసు కదా" అంది అది. అని పరిగెత్తుకుని వెళ్లిపోయింది.

పట్నం పిల్ల ఆ తర్వాత ఇంకో రెండు వేసవులు వచ్చింది, మరి రాలేదు. ఇది మాత్రం ప్రతి పండగకీ బుట్ట కట్టి బంగళా గుమాస్తాకి ఇచ్చేది, పట్నం పంపమని. సంపెంగలు, అరటిపళ్లు, ఉన్ననాడు చేగోడీలు. ఆ బుట్టలు పట్నం వెళ్లాయో గుమాస్తా ఇంటికి వెళ్లాయో నాకు అనుమానమే. దానికి ఆ అనుమానం ఎప్పుడూ రాలేదు.

తోట కూడా అలాగే పోయింది. ఒకేసారి పోలేదు. ముందు వంతెన విరిగింది. తర్వాత చెరువు ఎండి తుమ్మలు మొలిచాయి. ఏనుగు ఎప్పుడు మామూలు పొద అయిపోయిందో ఎవరూ చూడలేదు. బంగళా కప్పు కూలింది, పామ్ చెట్లు ఒక్కొక్కటే తలలు వాల్చాయి. గేటు ఎవరో పట్టుకుపోయారు. తోటమాలి చనిపోయాడు. అది మా వీధిలోకే కోడలిగా వచ్చింది. నేనూ ఇల్లరికంతో పుట్టింట్లోనే ఉండిపోయాను, మా ఇంటికి నాలుగిళ్ల అవతల దాని ఇల్లు.

అప్పట్నించీ దాని బతుకంతా నా కళ్లముందే. పురిటికి పక్కన కూర్చున్నది నేను. మొగుడు పోయిన రోజు దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకున్నది నేను. నా కొడుక్కి కామెర్లొస్తే నెల్లాళ్లు పసరు నూరి తెచ్చింది అది. కూర గిన్నెలు అటూ ఇటూ తిరగని రోజు లేదు. ఆ పట్నం మనిషి చేసిందేమిటి? ఒక రిబ్బన్, సగం చాక్లెట్. అయినా ఆవిడ నేస్తం. నన్ను మాత్రం అది వీధి చివరినుంచి పేరు పెట్టి కేకేస్తుంది. ఊళ్లో ఎవరు నా పేరు పిలిచినా నాకు ఫరవాలేదు. అది పిలిస్తేనే గుచ్చుకుంటుంది.

సరే, ఆటో దిగాం. గేటు ఉండే చోట ఒక వెదురు గడ అడ్డం కట్టి ఉంది. పక్కన రేకుల షెడ్డు, కుర్చీలో ఒక కుర్రాడు. లోపల తెల్ల కారు ఆగి ఉంది. గుట్ట సగం తవ్వేశారు. పొక్లెయిన్ ఆ మన్నుని లారీల్లోకి ఎత్తుతోంది. మామ్మ చూసి ఉంటే ఏమనేదో. మా ఊరి చెరువు మన్ను మళ్లీ బండెక్కుతోంది. ఎక్కడో పడిపోయిన సంపెంగ చెట్టు ఉన్నట్టుంది, డీజిల్ కంపులోంచి ఒక్కసారి ఆ వాసన వచ్చి పోయింది.

"ఎవరు కావాలమ్మా?" అన్నాడు కుర్రాడు.

"మా నేస్తం. కారులో వచ్చేరు కదా, ఆయమ్మ."

"పేరు చెప్పండి."

అది నావైపు తిరిగింది. "నువ్వు సెప్పే" అంది.

ఆ పేరు నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు ఎన్ని తిట్లకి ముందు తగిలించానో లెక్కలేదు. తెలీదనేస్తే అక్కడితో అయిపోతుంది. ఇంటికి పోవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అది నన్ను చూడట్లేదు. అరిటాకు ఎగిరిపోకుండా బుట్ట మీద చెయ్యి అదిమిపెట్టి, తొక్కుడు బిళ్ల ఆడే పిల్ల వంతు కోసం చూసినట్టు కారుకేసి చూస్తోంది. నేను పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా.

కుర్రాడు వెళ్లి కారు అద్దం దగ్గర వంగి మావైపు చూపించాడు. తిరిగొచ్చాడు. "మేడమ్‌కి మీరెవరో గుర్తు లేదంటమ్మా. ప్లాట్ గురించైతే చోడవరం ఆఫీసులో మాట్లాడమన్నారు."

నాకు సంతోషం కలగాలి. చిన్నప్పట్నించీ ఎదురుచూసిన మాట అది. కలగలేదు సరికదా, ఆ అద్దం మీద రాయి విసరాలనిపించింది. అది మాత్రం బుట్ట కుర్రాడి చేతికిచ్చింది. "ఇది ఆయమ్మకి ఇచ్చెయ్యి బాబూ. మాడుగుల హల్వా కూడా ఉంది. పువ్వులు పైనున్నాయి, నలగనివ్వకు" అంది.

"ఎవరిచ్చారని చెప్పాలి?"

"అడిగితే సెప్పు, తోటోలని. అడక్కపోతే ఒద్దు."

రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డాం. నేను ఆగలేకపోయాను. "గుర్తే లేదన్న మనిషికి హల్వా ఏటే? నేస్తరికం ఇక్కడితో అయిపోయింది" అన్నాను.

"మా నేస్తానికి తెల్దు. నాకు తెలుసు కదా" అంది. గొంతు కూడా మారలేదు.

"మరి నేనేటే నీకు?" అన్నాను. ఇన్నేళ్లలో అడగనే లేదు.

అది నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వా? నువ్వు నేస్తానివైతే, పొద్దున్న లేస్తే నిన్ను పేరెట్టి తిట్టేదెవరు? నోరు కట్టుకుని బతకాల నేను. అమ్మోరు నాకు అంత సిచ్చ ఎయ్యలేదు" అంది. అని నా పేరు పిలిచి, "ఆటో వస్తంది, సెయ్యెత్తు" అంది.

మంచి మాటే. ఆ మాటతో నా మంట చల్లారిందని రాస్తే బాగుంటుంది. చల్లారలేదు. రిబ్బన్‌కీ సగం చాక్లెట్‌కీ దక్కిన గౌరవం నాకు దక్కలేదన్నది ఈరోజుకీ మండుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే నేను పెరట్లో ఉండగా అది వీధిలోంచి నా పేరు పెట్టి కేకేసింది. వినపడింది. గిన్నె పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, ఇంకోసారి వినాలని పలక్కుండా నిలబడ్డాను. అది రెండోసారి ఇంకా గట్టిగా పిలిచింది. అప్పుడు పలికాను.